కోరిన తిమ్మిరి, కోరని తిమ్మిరి

క్రింది దవడలోని పంటిని తీయించుకొని ఇల్లు చేరినవారికి, దాహమై నీళ్ల గ్లాసును పెదవి కానించినప్పుడు ఒక వింత అనుభవము కలుగును. గ్లాసు అంచు సగము విరిగిపోయినట్లు తోచును. గ్లాసు చెక్కుచెదరలేదు; పెదవిలో సగభాగము తన ఉనికిని మెదడునకు తెలుపుట మానినది. మందు దిగిన పిదప విరిగిన అంచు మరల అతుకుకొనును, ఆ ముచ్చటను మనము మరచిపోవుదుము. కాని ఆ తిమ్మిరి తీరక నెలల తరబడి, ఒక్కొక్కచో బ్రతుకంతయు, నిలిచిపోయినవారును లేకపోలేదు. మొదటిది మనము కోరి తెచ్చుకొన్నది, రెండవది కోరకయే వచ్చిపడినది. రెంటికిని మూలము ఒక్కటే నాడి.

మెదడునుండి నేరుగా వెలువడు పన్నెండు జతల నాడులలో అయిదవదానిని త్రిధార నాడి యందురు. అది మూడుగా చీలి, మొదటి శాఖ నుదుటికిని కంటి ప్రాంతమునకును, రెండవది పై దవడకును, మూడవది క్రింది దవడకును స్పర్శజ్ఞానమును సమకూర్చుచున్నది. వీనిలో కడపటిదైన అధోజంభికా నాడి మాత్రమే స్పర్శను మోయుటతోపాటు, నమలుటకు వలసిన కండరములను కదల్చు పనిని కూడ నెరవేర్చును. పుర్రె అడుగుననున్న కోడిగ్రుడ్డు ఆకారపు రంధ్రము గుండా దిగి, చెంపకును, నాలుకకును, చెవి ముందరి చర్మమునకును శాఖల నిచ్చిన పిమ్మట, దాని పెద్ద శాఖ యొకటి దవడ లోపలి వైపుననున్న చిన్న ద్వారమున ఎముకలో ప్రవేశించి, చెరువుకట్ట అడుగున నీటిని కొనిపోవు తూమువంటి సొరంగములో, రక్తనాళములతో కూడి, దవడపండ్ల వేళ్ల క్రిందుగా ముందునకు సాగును. త్రోవలో పండ్లకు పోగుల నిచ్చుచు వచ్చి, చిన్న దవడపండ్ల దిగువనున్న మరియొక రంధ్రమున వెలుపలపడి, గడ్డమునకును క్రింది పెదవికిని వ్యాపించును. ఎక్కడనో వెనుకనున్న పంటికొరకు ఇచ్చిన సూదికి ముందున్న పెదవి మొద్దుబారుట ఇందువలననే.

పై దవడ ఎముక పలుచనిది, సన్నని రంధ్రములు గలది. పంటి ప్రక్క చిగురులో ఇచ్చిన మందు వేరువరకు ఇంకిపోవును. పెద్దవారి క్రింది దవడ వెనుక భాగమున దట్టముగ నుండును గనుక అచ్చట మందు ఇంకదు. నాడి ఎముకలో ప్రవేశించు గుమ్మమువద్దనే మందును పోయవలసియుండును. 1884లో వియన్నా నగరమున కార్ల్ కోలర్ కొకెయిన్‌తో కంటిని మొద్దుబార్చి చూపగా, ఆ వార్త విని న్యూయార్కులో విలియం హాల్‌స్టెడ్, రిచర్డ్ హాల్ అను శస్త్రవైద్యులు అదే సంవత్సరమున ఈ దవడ నాడిని కూడ మొద్దుబార్చు విధానమును కనుగొనిరి. తన దేహముపైననే ప్రయోగములు సలిపిన హాల్‌స్టెడ్ ఆ మందునకు బానిసయై చిరకాలము బాధపడెను. 1943లో స్వీడన్ రసాయనవేత్త నీల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేసిన లిగ్నోకెయిన్‌తో ఆ భయము లేదు. నేడు మన దంతవైద్యులు సూదిలో నింపునది ప్రాయికముగ అదియే.

కోరని తిమ్మిరికి ముఖ్యకారణములలో జ్ఞానదంతమును తీయుట నొకదానిగ చెప్పవలెను. చోటు చాలక అడ్డముగనో వాలుగనో ఎముకలో ఇరుక్కొనిపోయిన ఈ దంతముయొక్క వేళ్లు కొందరిలో నాడి సొరంగమును తాకుచు, మరికొందరిలో దానిని ఒరసికొని గాడిపడి యుండును. ఎక్స్‌రేలో సొరంగపు తెల్లని అంచుగీత వేరు దగ్గర తెగిపోయినను, వేరు అచ్చట నల్లబడినట్లు కనబడినను, సొరంగమే వంకర తిరిగినను, వివేకియైన వైద్యుడు చేయి ఆపి, మూడు దిక్కులనుండి చూపు స్కాన్ తీయించును. ప్రమాదము నిశ్చయమని తోచినప్పుడు, యోగ్యమైన పంటి విషయమున, పై భాగమును మాత్రమే కోసివేసి వేళ్లను అట్లే విడిచిపెట్టు పద్ధతియు కలదు. కృత్రిమ దంతమునకై దవడలో మర బిగించువారును సొరంగమునకు పైన కనీసము 2 మిల్లీమీటర్ల ఎడమును పాటింతురు.

అధోజంభికా నాడినుండి నాలుకకు పోవు శాఖయగు జిహ్వానాడి సంగతి ఇంతకంటె సున్నితమైనది. అది ఎముకలో దాగినది కాదు, జ్ఞానదంతమునకు నాలుక వైపున, పలుచని పొర క్రిందనే పోవుచుండును, ఎక్స్‌రేకు కానరాదు. నాలుక ముందరి మూడింట రెండు వంతుల భాగమునకు స్పర్శ నిచ్చుటయే కాక, ముఖనాడినుండి వచ్చి కలిసిన పోగుల ద్వారా రుచిని కూడ ఇది మోయును. ఇది తెగినచో ఆవకాయ కారమును చక్కెర తీపియు నాలుకకు ఒక ప్రక్క సరిగ తెలియవు. కనుకనే అచ్చట చిగురును కోయువారు కత్తిని నాలుక వైపునకు పోనీయక చెంప వైపునకు త్రిప్పుదురు.

దవడ వద్ద కత్తి పట్టువారు కాపాడవలసిన మూడవ నాడి, ముఖనాడి శాఖ. స్పర్శతో దీనికి పనిలేదు, క్రింది పెదవిని దించు కండరములకు ఆజ్ఞ నిచ్చుట దీని పని. దవడ అంచు వెంబడి, కొందరిలో అంచునకు దిగువగా, ఇది సాగును. విరిగిన దవడను అతుకుటకుగాని, గడ్డను తీయుటకుగాని వెలుపలినుండి కోయవలసినప్పుడు, గాటును దవడ అంచునకు సుమారు 2 సెంటీమీటర్లు దిగువన పెట్టుట ఆచారము. ఆ గాటు పైకి జరిగి నాడి తెగినచో నొప్పియుండదు, తిమ్మిరియుండదు. నవ్వినప్పుడు మాత్రము పెదవి వంకరపోవును.

విరిగిన ఎముక కొన్ని వారములలో అతుకుకొనును. కోసిన చిగురు కొన్ని దినములలో మానును. నాడి మాత్రము అంత సులభముగ లొంగదు. 1943లో ఆంగ్ల వైద్యుడు హెర్బర్ట్ సెడన్ నాడీక్షతములను మూడు తరగతులుగ విభజించెను: ఒత్తిడిచే వార్త మాత్రము ఆగినవి, పై తొడుగు నిలిచి లోని పోగులు తెగినవి, పూర్తిగ తెగిపోయినవి. మొదటి తరగతివి కొలది వారములలో కోలుకొనును. రెండవ తరగతిలో పోగులు రోజునకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున తిరిగి పెరుగును. మూడవదానికి కుట్టుతప్ప గతి లేదు, కుట్టినను ఫలము నిశ్చయము కాదు. సొరంగములోని నాడికి ఎముకయే దారిచూపు గొట్టమగును. జిహ్వానాడికి ఆ ఆసరా లేదు. దేహమున 107 మర్మస్థానములను లెక్కించి, వానిని ఎరిగి కత్తి పట్టుమని బోధించిన సుశ్రుతుని శాస్త్రమునకు నేటి శస్త్రవిద్య ఈ విషయమున దూరమైనది కాదు. ఎక్కడ కోయవలెనో తెలిసినవాడు పనివాడు. ఎక్కడ కోయరాదో కూడ తెలిసినవాడే శస్త్రవైద్యుడు.

పాఠకులకు ఒక విన్నపము. జ్ఞానదంతమును తీయించుకొనుటకు ముందు, నాడి ఎంత దూరమున నున్నదని వైద్యుని అడుగుటకు సంకోచింపవలదు. మందు దిగవలసిన వేళ గడచి, మరునాటికిని పెదవియో నాలుకయో మొద్దుబారియున్నచో, అదే తగ్గునులే యని ఊరకుండక వెంటనే చెప్పవలెను; కుట్టవలసిన నాడిని ఆలస్యము చేసినకొలది ఫలము తగ్గును. పన్ను తీయించుకొనకయే, దెబ్బ తగులకయే గడ్డమున ఒక ప్రక్క తిమ్మిరి పుట్టినచో అది లోపలి పెద్ద వ్యాధికి తొలిసూచన కావచ్చును గనుక, ఆ దినముననే వైద్యుని దర్శింపుడు.