బాబాయి పరుగు లెక్క

పిల్లలూ! మీ బాబాయి ఒకనాటి సాయంకాలం ఆఫీసు నుంచి వచ్చి, "ఒరేయ్, ఈసారి నేను మారథాన్ పరుగెత్తుతానురా!" అన్నాడనుకోండి. మర్నాడు తెల్లవారకముందే లేచి ఆయన అయిదు కిలోమీటర్లు పరుగెత్తి వస్తాడు. ఉత్సాహం కొద్దీ మూడోనాడు ఎనిమిది, ఆ తరవాత రోజూ పది. మొదటి రెండు వారాలూ ఆయన హుషారు చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. మూడోవారంలో ఆయన గోడ పట్టుకుని మెట్లు దిగుతాడు. నాలుగోవారంలో కుంటుతూ ఇల్లు చేరతాడు. అయిదోవారంలో ఆ కొత్త బూట్లు మంచం కిందికి పోతాయి.

ఇలాటి బాబాయిలు చాలా ఊళ్లలో ఉన్నారు. వాళ్లకు పట్టుదల ఉన్నది, లెక్క మటుకు లేదు. ఏ వారం ఎంత దూరం పరుగెత్తాలి, ఏ రోజున పరుగెత్తకుండా ఉండాలి అన్నదే ఆ లెక్క. మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. ఈ దూరాన్ని మొదటిసారి 1908లో లండన్ ఒలింపిక్స్‌లో పరుగెత్తారు. 1921లో అదే ఖాయం చేశారు. అంత దూరానికి కాళ్లను సిద్ధం చెయ్యాలంటే నెలల తరబడి లెక్క రాయాలి. ఆ గుమాస్తా పని మీరు చెయ్యవచ్చు. ఎలాగో చెప్పేముందు, ఈ లెక్కను తన ఒంటిమీదనే కట్టి చూసిన ఒక మనిషి కథ వినండి.

న్యూజీలాండ్ దేశంలో ఆక్లండ్ అనే నగరం ఉన్నది. అక్కడ ఒక బూట్ల ఫ్యాక్టరీలో ఆర్థర్ లిడియార్డ్ అనే ఆయన పని చేసేవాడు. ఆయన 1917లో పుట్టాడు. కుర్రతనంలో రగ్బీ ఆడినవాడు గనక తన సత్తువకు లోటులేదనుకునేవాడు. ముప్పయ్యేళ్లు ఇంకా నిండని రోజుల్లో, పరుగుల క్లబ్బు పెద్దాయన ఒకరు ఆయనను తనతో అయిదు మైళ్లు పరుగెత్తమన్నాడు. ఆ అయిదు మైళ్లకే లిడియార్డ్‌కు ఊపిరాడలేదు, కాళ్లు మొండికెత్తాయి. ఇప్పుడే ఇలా ఉంటే ఇరవయ్యేళ్ల తరవాత తన గతి ఏమిటా అని ఆయనకు దిగులు పట్టుకున్నది.

అప్పటినుంచి ఆయన తనమీదనే పరీక్షలు ప్రారంభించాడు. ఉద్యోగం చేసుకుంటూనే, కొన్ని వారాలు తక్కువ దూరం, కొన్ని వారాలు ఎక్కువ దూరం పరుగెత్తి చూశాడు. ఒక్కొక్కప్పుడు వారానికి 200 మైళ్లు కూడా దాటాడు. మరీ తక్కువయితే సత్తువ రాలేదు. మరీ ఎక్కువయితే వచ్చిన సత్తువ కూడా పోయింది. ఇలా ఏళ్లతరబడి చూడగా చూడగా, తనకు వారానికి సుమారు 100 మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు, సరిపోతాయని తేలింది. ఇంకొక సంగతి కూడా తేలింది: రోజూ ఒకే దూరం పరుగెత్తటంకన్న, ఒకరోజు ఎక్కువ, మర్నాడు తక్కువ పరుగెత్తితే ఒళ్లు బాగా కోలుకుంటుంది. 1953లోనూ, 1955లోనూ ఆయనే న్యూజీలాండ్ మారథాన్ విజేత అయ్యాడు.

తరవాత ఆయన కుర్రవాళ్లకు నేర్పసాగాడు. ఆక్లండ్ పక్కన వైటాకెరె కొండలున్నాయి. ఆదివారం వస్తే చాలు, ఆయన శిష్యులు ఆ కొండదారుల్లో 22 మైళ్లు పరుగెత్తేవారు. పందెంలో 800 మీటర్లు పరుగెత్తే పీటర్ స్నెల్‌కు కూడా ఈ 22 మైళ్లు తప్పలేదు! 1960లో రోమ్ ఒలింపిక్స్ జరిగాయి. సెప్టెంబరు 2న పీటర్ స్నెల్ 800 మీటర్లలో బంగారు పతకం గెలిచాడు. అదే రోజున లిడియార్డ్ శిష్యుడే అయిన మర్రే హాల్‌బర్గ్ 5,000 మీటర్లలో గెలిచాడు. మారథాన్‌లో ఇథియోపియా దేశస్థుడు అబెబె బికిలా ఉత్తకాళ్లతో పరుగెత్తి మొదటివాడుగా రాగా, లిడియార్డ్ మరొక శిష్యుడు బారీ మ్యాగీ మూడోవాడుగా వచ్చాడు.

మరి మీ బాబాయి కూడా వారానికి 160 కిలోమీటర్లు పరుగెత్తాలా? అక్కర్లేదు, పరుగెత్తకూడదు కూడా. ఆ లెక్క ఎన్నో ఏళ్లు అలవాటు పడినవాళ్లది. లిడియార్డ్ అంకె మనకు పనికిరాదుగాని ఆయన పద్ధతి పనికివస్తుంది. ఆయన మామూలు మనుషులకు, గుండెజబ్బు వచ్చి తేరుకున్నవాళ్లకు కూడా, మెల్లని పరుగు నేర్పాడు. అమెరికాలో ఆరిగన్ విశ్వవిద్యాలయపు శిక్షకుడు బిల్ బవర్‌మన్ 1962-63లో ఆక్లండ్ వెళ్లి వాళ్లతో కలిసి పరుగెత్తాడు. యాభై దాటిన ఆయన వెనకబడిపోతే, డెబ్భై దాటిన ఒక వృద్ధుడు ఆయనకోసం వేగం తగ్గించి తోడు వచ్చాడట! ఈ బవర్‌మన్ తన విద్యార్థులకు ఒకరోజు కష్టం, మర్నాడు తేలిక అనే పద్ధతి పెట్టి పేరు పొందాడు.

ఇంతకూ విశ్రాంతిలో ఏమున్నది? పరుగెత్తేటప్పుడే బలం వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పరుగు ఒంటిని అరగదీస్తుంది. పరుగు ఆగిన తరవాత, మనిషి కడుపునిండా తిని నిద్రపోయేటప్పుడు, ఒళ్లు ఆ అరుగుదలను బాగుచేసుకుని, ఇంకొకసారి అంత కష్టం వస్తే తట్టుకునేటందుకు కాస్త అదనంగా కూడా కట్టుకుంటుంది.

ఒంట్లో అన్ని భాగాలూ ఒకే వేగంతో బాగుపడవు. చిక్కంతా ఇక్కడే ఉన్నది. మనం తిన్న అన్నంలోని పిండిపదార్థం గ్లైకోజెన్ అనే రూపంలో కండరాల్లోనూ కాలేయంలోనూ నిలవ ఉంటుంది. పెద్దవాళ్లలో ఈ నిలవ సుమారు అరకిలో. దూరపు పరుగులో ఇది చాలా భాగం ఖర్చయిపోతుంది. మారథాన్‌లో 30 కిలోమీటర్లు దాటాక చాలామందికి కాళ్లు ఒక్కసారిగా బరువెక్కేది అందుకే. ఆ నిలవ మళ్లీ నిండటానికి ఒక రోజో, అంతకు కొంచెం ఎక్కువో పడుతుంది. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే పరుగుకు అలవాటు పడతాయి. కాని ఎముకలకూ, కండరాలను ఎముకలకు కట్టివేసే స్నాయుబంధనాలకూ నెలలు కావాలి.

ఎముక ఎలా బాగుపడుతుందో చూడండి. పాత గోడను మరమ్మతు చేసే తాపీమేస్త్రీ ముందు పెళుసుబారిన ఇటుకలను ఊడదీస్తాడు, తరవాత కొత్తవి పేరుస్తాడు. ఎముకలో కూడా రెండు రకాల జీవకణాలు ఈ పనే చేస్తాయి. ఒక రకం అరిగిన ఎముకను రెండుమూడు వారాల్లో తవ్వి తీసివేస్తుంది. రెండో రకం ఆ గుంటను కొత్త ఎముకతో నింపుతుంది. నింపటానికి సుమారు మూడు నెలలు పడుతుంది. ఇటుకలు ఊడదీసిన గోడమీద ఎవరైనా ధాన్యం బస్తాలు పేరుస్తారా? హుషారుగా ఉన్నది గదా అని మూడోవారంలో, నాలుగోవారంలో దూరం పెంచేసే మనిషి చేసే పని అదే. అలాటప్పుడే కాలి ముందు ఎముకలోగాని, పాదం ఎముకల్లోగాని వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి.

ఇక లెక్క పుస్తకం తెరవండి. మీ బాబాయి ఇప్పటికే కొన్ని నెలలుగా వారానికి 25 కిలోమీటర్ల దాకా హాయిగా పరుగెత్తుతున్నాడనుకుందాం. (లేకపోతే ముందు ఆ స్థితికి రావాలి. నలభై దాటినవాళ్లూ, రక్తపోటు, మధుమేహం ఉన్నవాళ్లూ మొదటే డాక్టరుకు చూపించుకోవాలి.) 16 వారాల లెక్క ఇలా వెయ్యవచ్చు. మొదటి నాలుగు వారాలకు: 30, 33, 36, 28 కిలోమీటర్లు. తరవాత నాలుగింటికి: 38, 41, 45, 34. ఆ తరవాత: 47, 51, 55, 42. పదమూడోవారం 58, అదే శిఖరం. అక్కడినుంచి దిగాలి: 44, 32. పందెం ఉన్న చివరి వారంలో పందెం కాక 15 చాలు.

ఈ అంకెల్లో ఒక తమాషా ఉన్నది, గమనించారా? మూడు వారాలు మెల్లగా ఎక్కి, నాలుగోవారం దిగుతున్నాయి. ఆ నాలుగోవారం మేస్త్రీకి మనం ఇచ్చే గడువు. ఏ వారమూ ముందువారంకన్న నూటికి పదివంతులకు మించి పెంచరాదని పరుగువాళ్లలో ఒక మాట ఉన్నది. అది మంచి కొండగుర్తేగాని శాసనం కాదు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్లను రెండు జట్లుచేసి, ఒక జట్టుకు ఈ నియమం పెట్టి, రెండోదానికి పెట్టకుండా చూశారు. 2008లో వెలువడిన ఫలితం ప్రకారం రెండు జట్లలోనూ దెబ్బతిన్నవాళ్లు దాదాపు సమానమే, అయిదుగురిలో ఒకరు! కనక అంకెను నమ్మి ఊరుకోక, మనిషిని కూడా చూస్తూ ఉండాలి.

ఒక వారంలో రోజులను ఎలా పంచాలో చూడండి. 45 కిలోమీటర్ల వారం తీసుకుందాం. ఆదివారం 18, మంగళవారం 8, బుధవారం 11, శుక్రవారం 8. తక్కిన మూడు రోజులూ సెలవు. కావాలంటే కాస్త నడవవచ్చు. వేగం ఎంత ఉండాలి? పక్కన సైకిలు మీద మీరు వెళ్తూ ప్రశ్న వేస్తే, ఆయన రొప్పకుండా పూర్తి వాక్యంతో జవాబు చెప్పగలగాలి. బుధవారం ఒక్కరోజు కొంచెం వేగం పెంచవచ్చు. పరుగులో శిక్షణ ఉండాలిగాని శిక్ష ఉండరాదు.

ఇప్పుడు మీ పని. పుస్తకంలో అయిదు గళ్లు గియ్యండి: తేదీ, కిలోమీటర్లు, నిద్రపోయిన గంటలు, పొద్దుటి నాడి, నొప్పి. బాబాయి నిద్రలేచి మంచం దిగకముందే, ఆయన మణికట్టు మీద వేళ్లు ఆనించి ఒక నిమిషం నాడి లెక్కపెట్టండి. రోజూ 60 ఉండే నాడి వరసగా రెండు రోజులు 68, 70 ఉంటే ఒళ్లు ఇంకా కోలుకోలేదేమోనని అనుమానించాలి. నిద్ర చాలక కావచ్చు, జ్వరం రాబోతూ ఉండవచ్చు. ఆ రోజు గడిలో "సెలవు" అని రాయండి. ఆయన గొణుగుతాడు. గొణగనివ్వండి!

నొప్పి గడి అన్నిటికన్న ముఖ్యం. రెండు కాళ్ల కండరాలూ సలుపుతూ రెండుమూడు రోజుల్లో తగ్గిపోతే భయం లేదు. ఎముక మీద ఒకేచోట, వేలితో నొక్కితే చురుక్కుమనే నొప్పి ఉండి, పరుగెత్తినకొద్దీ అది ఎక్కువవుతూ ఉంటే పరుగు ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లవలిసిందే. గుండెలో నొప్పిగాని, కళ్లు తిరగటంగాని వస్తే క్షణం ఆలస్యం చెయ్యరాదు.

మన ఎండల సంగతి కూడా లెక్కలో వెయ్యాలి. హైదరాబాదులో మారథాన్ ఆగస్టు నెలలో జరుగుతూ వస్తున్నది. దానికి 16 వారాలు వెనక్కు లెక్కిస్తే మే నెల తగులుతుంది! వేడికి ఒళ్లు అలవాటు పడటానికి పది, పధ్నాలుగు రోజులు పడుతుంది. అన్నాళ్లూ సూర్యోదయానికి ముందే పరుగు ముగించాలి. దూరం, వేగం రెండూ తగ్గించుకోవాలి. ఎండవల్ల తగ్గిన కిలోమీటర్లను మర్నాడు పూడ్చుకోబోవటం పొరపాటు.

ఇదంతా చదివి, "మేమూ 42 కిలోమీటర్లు పరుగెత్తుతాం" అనకండేం! మీ ఎముకల చివర పెరుగుతూ ఉండే మెత్తని భాగాలు ఇంకా గట్టిపడలేదు. మారథాన్‌కు సామాన్యంగా 18 ఏళ్లు నిండినవాళ్లనే చేర్చుకుంటారు. అంతవరకూ ఆడుకునేటప్పుడు పరుగెత్తే పరుగు మీకు చాలు.

చివరగా ఒక చిన్న లెక్క. మీ బాబాయి 16 వారాల్లో, పందెం కాక, మొత్తం ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తాడు? పైన ఇచ్చిన అంకెలు కూడి చూడండి. 629 వస్తే మీ కూడిక సరి అయినదే. ఆ 42 కిలోమీటర్ల వెనక ఇన్ని ఉన్నాయన్నమాట. ఇంకొకటి: 16 వారాలంటే 112 రోజులు. పందెం రోజును కూడా కలుపుకుని వారానికి నాలుగు రోజుల చొప్పున ఆయన 64 రోజులు పరుగెత్తాడు. మిగిలిన 48 రోజులూ సెలవు. పందెం ముగించి, మెడలో పతకంతో, కుంటకుండా ఇంటికి వచ్చిన బాబాయికి ఆ పుస్తకం చూపించి, ఆ 48 గళ్లూ లెక్కపెట్టమనండి. వాటిలో "సెలవు" అని రాసిపెట్టింది మీరే గదా!