ఆంగ్ల పదబంధ క్రియలు – 'ఇంగ్' రూపం

గత విద్యాసంవత్సరాంతంలో ఒక విద్యార్థి తన ఉద్యోగ దరఖాస్తును దిద్దించుకొనడానికి నా వద్దకు వచ్చాడు. నేను బోధించేది తెలుగు. అయినా విద్యార్థికి సందేహం కలిగినప్పుడు ఎదుట ఉన్న అధ్యాపకుణ్ణే అడగడం సహజం. దరఖాస్తు చక్కగానే ఉంది. చివరి వాక్యంలో మాత్రం 'ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ' అని వ్రాశాడు. 'మీట్' అన్నది 'మీటింగ్' కావాలని చెప్పాను. "'టు' తరువాత క్రియ మూలరూపమే వస్తుందని బడిలో నేర్పారు కదా సార్?" అని అడిగాడు. ఆ ప్రశ్న న్యాయమైనది. నియమంలో సగమే చెప్పి పంపిన దోషం అధ్యాపకులమైన మాది. మిగిలిన సగం చెప్పడమే ఈ వ్యాసోద్దేశం.

క్రియకు 'అప్', 'ఆఫ్', 'అవుట్' వంటి చిన్న మాట చేరి కొత్త అర్థం పుట్టితే అది పదబంధ క్రియ. 'గివ్' అంటే ఇచ్చు. 'గివ్ అప్' అంటే మానివేయు. ఇవి పరభాషీయులకు మిక్కిలి కష్టమని 1755లో వెలువడిన తన నిఘంటువు పీఠికలో శామ్యూల్ జాన్సన్ అంగీకరించాడు. కనుక మన విద్యార్థులు తడబడితే సిగ్గుపడవలసిన పని లేదు.

మన భాషలలోనూ జంట క్రియలున్నాయి. తెలుగులో 'వదలిపెట్టు', ఉర్దూలో 'ఛోడ్ దేనా'. కాలాన్ని బట్టి వీటిలో మారేది రెండవ భాగం: వదలిపెడుతున్నాడు, ఛోడ్ దేతా హై. ఆంగ్లంలో ఇందుకు విరుద్ధంగా మొదటి భాగమే మారుతుంది. 'ఇంగ్' ఎల్లప్పుడూ క్రియకే చేరుతుంది. వెనుకనున్న చిన్న మాట కదలదు: గివింగ్ అప్, పుటింగ్ ఆఫ్, సెటింగ్ అవుట్.

ఈ రూపం వాక్యంలో మూడు పనులు చేస్తుంది.

మొదటిది, జరుగుతున్న పనిని తెలుపడం. 'షి ఈజ్ లుకింగ్ ఆఫ్టర్ హర్ మదర్' అంటే ఆమె తల్లిని చూసుకొంటున్నది. ఇక్కడ 'ఈజ్' వంటి సహాయక్రియ తప్పనిసరి.

రెండవది, నామవాచకంగా నిలవడం. మన భావార్థకం వంటిది. 'గివింగ్ అప్ టొబాకో ఈజ్ నాట్ ఈజీ' అంటే పొగాకు మానివేయడం సులభం కాదు. 'బిఫోర్ సెటింగ్ అవుట్' అంటే బయలుదేరడానికి ముందు.

మూడవది, మన శత్రర్థకంవలె వర్తించడం. 'గెటింగ్ ఆఫ్ ది బస్, హి స్లిప్డ్' అంటే బస్సు దిగుతూ జారాడు. దిగుతున్నవాడూ జారినవాడూ ఒక్కడే కావాలి. లేకుంటే వాక్యం అపహాస్యం పాలవుతుంది.

సర్వనామం విషయంలో ఒక జాగ్రత్త అవసరం. 'పుటింగ్ ఆఫ్ ది మీటింగ్', 'పుటింగ్ ది మీటింగ్ ఆఫ్' రెండూ సాధువులే. 'ఇట్' వచ్చినప్పుడు మాత్రం 'పుటింగ్ ఇట్ ఆఫ్' అనే అనాలి. అయితే 'లుక్ ఆఫ్టర్' వంటివి విడిపోవు. 'లుకింగ్ ఆఫ్టర్ హర్' అన్నదే సరి.

ఇక ఆ విద్యార్థి ప్రశ్న. ఆంగ్లంలో 'టు'లు రెండు. 'ఐ వాంట్ టు మీట్ యూ'లోని 'టు' క్రియకు ముందు నిలిచే గుర్తు మాత్రమే. దాని తరువాత మూలరూపం వస్తుంది. 'లుక్ ఫార్వర్డ్ టు'లోని 'టు' మన 'కొరకు', 'కు' వంటి విభక్తి స్థానీయం. దాని తరువాత నామవాచకమో, నామవాచకంగా నిలిచే 'ఇంగ్' రూపమో రావాలి. పరీక్ష సులభం. 'టు' తరువాత ఒక నామవాచకాన్ని పెట్టి చూడండి. 'ఐ లుక్ ఫార్వర్డ్ టు యువర్ లెటర్' పొసగుతుంది; కనుక 'మీటింగ్' అనాలి. 'ఐ వాంట్ టు యువర్ లెటర్' పొసగదు. కనుక 'మీట్' అనాలి.

విద్యార్థులారా! ఆంగ్లం నేర్చుకొనడానికి మాతృభాషను మరచిపోనక్కరలేదు. ఇంటిలో పలికే ఉర్దూను, వీధిలో వినే తెలుగును పక్కన పెట్టుకొని పోల్చి చూస్తే తేడా ఎక్కడున్నదో తెలుస్తుంది. తేడా తెలిసిన చోట తప్పు దొర్లదు. రోజుకొక పదబంధ క్రియను తీసుకొని, ఈ మూడు విధాలా మూడు వాక్యాలు వ్రాయండి. ఆ విద్యార్థి మరునాడు దరఖాస్తును తిరిగి వ్రాసి తెచ్చాడు. చివరి వాక్యాన్ని నేను దిద్దవలసిన పని లేకపోయింది.