పులి మనసు చదివేదెలా?

జూలో అటూ ఇటూ తిరిగే పులి రాజసం ప్రదర్శిస్తోందా, బాధ వెళ్లగక్కుతోందా? జవాబు కోసం సైన్సు దాని వాసననూ, పెంటనూ పరీక్షిస్తోంది

సెలవు రోజొస్తే చాలు, ఉక్కు నగరం భిలాయ్‌లోని కుటుంబాలు పిల్లాపాపలతో మైత్రీబాగ్ దారి పడతాయి. సోవియట్ సాయంతో వెలసిన కర్మాగారం, ఆ స్నేహానికి గుర్తుగా 1972లో నెలకొల్పిన ఈ జూలో ప్రధాన ఆకర్షణ తెల్లపులులే. ఒడిశాలోని నందన్‌కానన్ నుంచి తెచ్చిన పులులతో మొదలైన సంతతి ఇక్కడ పెరిగి ఇతర జూలకూ చేరింది.

ఏ జూలోనైనా పులి ఒకే బాటలో పదే పదే పచార్లు చేస్తుంటే జనం ముచ్చటపడతారు. జంతు ప్రవర్తన నిపుణులు మాత్రం కలవరపడతారు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు రోస్ క్లబ్, జార్జియా మేసన్ 2003లో 'నేచర్' పత్రికలో తేల్చిందేమిటంటే, అడవిలో ఎంత విశాలంగా సంచరించే మాంసాహారి అయితే బోనులో అంత ఎక్కువగా పచార్లు చేస్తుంది.

బాస్మతి సందేశం

పులికి భాష లేదనుకుంటే పొరపాటే. దాని గర్జన కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది. పరిచయస్తులు ఎదురైతే ముక్కుతో మెల్లగా బుసకొట్టినట్టు పలకరిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది వాసన. చెట్ల మీద అది చిమ్మే ద్రవం ఇది ఎవరి ఇలాకానో, ఆడపులి జతకు సిద్ధంగా ఉందో లేదో చెబుతుంది.

ఈ రహస్యం ఛేదించడంలో భారతీయులదే పెద్ద పాత్ర. సిమ్లిపాల్ పులుల అభయారణ్యం అధికారి సరోజ్ రాజ్ చౌధురి 1974లో ఖైరీ అనే ఆడపులి కూనను తన ఇంట్లోనే పెంచారు. కోల్‌కతా శాస్త్రవేత్త రతన్‌లాల్ బ్రహ్మచారి ఖైరీని దగ్గరి నుంచి పరిశీలించారు. పులి చిమ్మే ద్రవంలో 2-ఎసిటైల్-1-పైరోలిన్ ఉందని ఆయన బృందం తర్వాత గుర్తించింది. బాస్మతి బియ్యానికి ఘుమఘుమలిచ్చేది సరిగ్గా ఆ పదార్థమే! సువాసన వడ్లు పండే ఛత్తీస్‌గఢ్‌లో పులి సంతకం వంటింటి వాసనే అన్నమాట. కానీ జూలో శుభ్రత కోసం ఆవరణ కడిగితే ఆ సంతకమూ కొట్టుకుపోతుంది.

పెంటలో సాక్ష్యం

మరి పులి ఒత్తిడిని కొలిచేదెలా? రక్తం తీయబోతే ఆ భయమే ఒత్తిడిని పెంచుతుంది. అందుకే శాస్త్రవేత్తలు పెంటలోని హార్మోన్ల అవశేషాలను ఆశ్రయించారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీకి చెందిన లాకోన్స్ పరిశోధకులు బాంధవ్‌గఢ్, కాన్హా పులులను ఇలాగే పరీక్షించారు. పర్యాటకుల సీజన్‌లో పులుల్లో ఒత్తిడి ఎక్కువగా ఉందని 2019లో వెల్లడించారు. స్వేచ్ఛగా తిరిగే పులికే జనం తాకిడి భారమైతే, పారిపోయే దారి లేని పులి సంగతి చెప్పనక్కర్లేదు.

తెల్లపులికి మరో చిక్కుంది. తెలుపు రంగు కోసం దగ్గరి బంధువులనే జతకట్టించడంతో లోపాలు తరతరాలకూ సంక్రమిస్తున్నాయి. కంటి నుంచి మెదడుకు వెళ్లే నరాల అమరికే తేడాగా ఉంటుందని 1970ల్లోనే తేలింది. కొన్నిటికి మెల్లకన్ను అందుకే.

ఊరట కలిగించే విషయమూ ఉంది. భారతీయ జూలలోని పులులు, చిరుతలపై 2017లో వెలువడిన అధ్యయనం ప్రకారం విశాలమైన ఆవరణ, నీటి మడుగు, రాళ్లూ చెట్లూ ఉంటే పచార్లు తగ్గుతాయి. సంరక్షకుడి ప్రవర్తన ప్రభావం కూడా తక్కువేమీ కాదు. జంతువులకూ భావోద్వేగాలుంటాయని 1872లోనే డార్విన్ పుస్తకం రాశాడు. ఆ మాటను జూ గోడల లోపల అమలు చేయడమే మిగిలింది.