చైనా కరెంటు కారు: ఏ అనుమానం నిజం, ఏది వట్టి మాట?

"చలే తో చాంద్ తక్, నహీ తో షామ్ తక్." చైనా మాల్ అనంగనే మన చాళ్లల్ల వినబడే మాట ఇది. నడిస్తే చందమామ దాకా, లేకుంటే సాయంత్రం దాకా! టార్చిలైటు, బొమ్మ, చార్జరు కొన్నప్పుడు ఈ మాట చాలాసార్లు నిజమే అయింది. ఇప్పుడు అదే దేశం కరెంటు కార్లు చేసి ప్రపంచమంతా అమ్ముతున్నది. 2023లో జపాన్‌ను దాటి, కార్ల ఎగుమతిలో చైనా మొదటి స్థానానికి వచ్చింది. భివండీలో ముప్పై ఏండ్లు సాంచెల ఫిట్టరుగా చేసినవాణ్ణి. యంత్రం సంగతి వస్తే నాకు ఊకుండబుద్ధి కాదు. అందుకే వాట్సాప్ ముచ్చట్లు పక్కనబెట్టి, గట్టిగా తెలిసిన సంగతులే రాస్తున్న.

బ్యాటరీ చేసినోళ్లే కారు చేసిండ్రు

1995లో షెన్‌జెన్ నగరంలో వాంగ్ చువాన్‌ఫు అనే రసాయన శాస్త్రవేత్త బీవైడీ కంపెనీ పెట్టిండు. మొదట చేసింది బ్యాటరీలు. జపాన్ కంపెనీలు ఖరీదైన యంత్రాలతో చేసే పనిని ఆయన చిన్నచిన్న పనులుగా విడగొట్టి, మనుషుల చేతులతో చేయించి ధర దించిండు. 2003లో ఒక చిన్న కార్ల కంపెనీని కొన్నడు. 2011లో టీవీలో బీవైడీ పేరెత్తితే టెస్లా యజమాని ఎలాన్ మస్క్ నవ్విండు. 2023 ఆఖరి మూడు నెలల్లో కరెంటు కార్ల అమ్మకంలో అదే బీవైడీ టెస్లాను దాటింది. 2025లో ఏడాది మొత్తం మీద కూడా దాటింది.

ఇంత చౌకగా ఎట్ల అమ్ముతరు? కరెంటు కారు ధరలో పెద్ద పాలు బ్యాటరీదే. బీవైడీ బ్యాటరీని, మోటారును, చాలా విడిభాగాలను తనే చేసుకుంటది. పత్తి దిగినకాడి నుంచి బట్టకు రంగు పడేదాకా ఒకే కాంపౌండులో నడిచిన మన పాత కాంపోజిట్ మిల్లు లెక్క అన్నమాట. దానికి తోడు సర్కారు సాయం ఉన్నది. యూరప్ వాళ్లు విచారణ చేసి, ఆ సాయం అన్యాయమని తేల్చి, 2024 అక్టోబరులో మామూలు 10 శాతం సుంకం మీద బీవైడీకి 17, గీలీకి 18.8, ఎస్ఏఐసీకి 35.3 శాతం అదనంగా వేసిండ్రు. అమెరికా అదే ఏడాది సుంకాన్ని 100 శాతానికి పెంచింది.

మంటలు, గూఢచర్యం

భద్రత మీద అనుమానం ఉత్తదేం కాదు. 2025 మార్చిలో చైనాలోని అన్హుయి రాష్ట్రంలో షియోమీ కారు హైవే మీద గుద్దుకొని మంటలంటుకుంది. ముగ్గురు కాలేజీ అమ్మాయిలు చనిపోయిండ్రు. గుద్దుకునే కొద్ది క్షణాల ముందు దాకా కారు డ్రైవరుకు సాయం చేసే కంప్యూటరు మీదనే నడిచింది. తర్వాత చైనా సర్కారే, కారు దానంతటదే నడుస్తదన్నట్టు ప్రకటనలు ఇయ్యొద్దని కట్టడి చేసింది. బ్యాటరీకి మంట, పేలుడు ఉండొద్దనే కొత్త నియమాన్ని 2026 జులై నుంచి పెట్టింది. అంటే అనుమానం అక్కడి జనానికీ ఉన్నది.

ఇంకొకటి గూఢచర్యం. నార్వేలో ఓస్లో బస్సుల సంస్థ 2025లో చైనా యూటాంగ్ బస్సును పరీక్షించి, దాని సాఫ్ట్‌వేర్‌ను తయారీ కంపెనీ దూరం నుంచే అందుకోగలదని చెప్పింది. నిజమే. కానీ ఇంటర్నెట్‌తో కలిసిన ఏ దేశపు బండినైనా ఇదే ప్రశ్న అడగాలె.

కూలోని వైపు నుంచి చూస్తే

నా మనసుకు తాకిన సంగతి వేరే. బ్రెజిల్‌లో కమసారి అనే ఊళ్లె ఫోర్డ్ కంపెనీ 2021లో ఫ్యాక్టరీ మూసేసింది. ఆ జాగల బీవైడీ కొత్త ఫ్యాక్టరీ కడుతుంటే, 2024 డిసెంబరులో లేబర్ అధికారులు తనిఖీకి పోయిండ్రు. 163 మంది చైనా కూలీలు బానిసల్లాంటి స్థితిలో ఉన్నరని ప్రకటించిండ్రు. పరుపుల్లేని మంచాలు, ఒకచోట 31 మందికి ఒక్కటే పాయిఖాన. కాంట్రాక్టరు తప్పేం లేదన్నడు. బీవైడీ ఆ కాంట్రాక్టరును తీసేసింది.

చైనా లోపల ధరల పోటీ కూడా ఎవరో ఒకరి మీద పడుతున్నది. విడిభాగాలు చేసే చిన్న కంపెనీలకు నెలల తరబడి బిల్లులు రాకపోతే, 2025 జూన్‌లో పెద్ద కార్ల కంపెనీలు 60 రోజుల్లో చెల్లిస్తమని మాటిచ్చినై. జాబు పని చేసి, సేటు చుట్టూ బిల్లు కోసం తిరిగిన మన సాంచెలోళ్లకు ఈ కష్టం ఎవరూ చెప్పాల్సిన పనిలేదు.

మన దగ్గర

2023లో హైదరాబాద్ మేఘా కంపెనీతో కలిసి 100 కోట్ల డాలర్లతో ఫ్యాక్టరీ పెడతమని బీవైడీ అడిగితే, కేంద్రం భద్రత కారణంగా ఒప్పుకోలేదు. కానీ అదే మేఘా వాళ్ల ఒలెక్ట్రా సంస్థ బీవైడీ సాంకేతికతతో చేసిన బస్సులు ముంబై, పుణే, హైదరాబాద్ రోడ్ల మీద 2019 నుంచే ఉన్నై. తిట్టుకుంటనే వాటిల్ల ఎక్కుతున్నం!

చైనా కారు మన గల్లీకి రేపే రాదు. దిగుమతి సుంకం అంత ఉన్నది. కానీ కరెంటు బండి మాత్రం ఏ దేశానిదైనా వస్తది. దానికి ఇంజను లేదు, పిస్టన్ లేదు, సైలెన్సర్ లేదు. చాకణ్‌లో, శ్రీపెరుంబుదూరులో అవి చేసే షాపుల్లనే మన ఇండ్ల పిల్లలు కొందరు పగారు తెచ్చుకుంటున్నరు. మిల్లులు బందయినప్పుడు మన అయ్యలకు ముందుగా ఎవరూ చెప్పలేదు. అందుకే ఐటీఐల చేరే పిల్లలున్న ఇండ్లకు ఒక్క మాట: ఫిట్టరు, టర్నరుతో పాటు బ్యాటరీ, మోటారు కంట్రోలు పని కూడా నేర్పుతరా అని చేరేముందే అడగండి. విడిభాగాల కంపెనీల మీవాళ్లు ఎవరన్న ఉంటే, వాళ్ల ఖాతాల ఏం మారుతున్నదో పత్రికకు రాసి పంపండి. పది ఇండ్ల సంగతులు కలిస్తే ముందేం రాబోతున్నదో మనకూ కొంత తెలుస్తది.