రాకెట్టు నడుపు ఆట: క్రొత్తగా మొదలిడువారికి

"రాకెట్టు నూరు కిలోమీటర్లు పైకి పోయినది. ఇంధనము అయిపోయినది. పిమ్మట తిన్నగా వచ్చి బయలుదేరిన చోటనే పడినది. అంతరిక్షమునకు పోయిన వస్తువు మరల ఎందుకు పడవలెను?"

నిజామాబాదు పట్టణమునందును, బోధను పరిసరములందును కంప్యూటరుపై అంతరిక్షనౌకలను నడుపు ఆటను ప్రారంభించిన బాలబాలికలు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న ఇది. ప్రశ్న చిన్నదే. కాని దీనికి సమాధానము దొరకక, పదవ రాకెట్టు పడిన దినముననే ఆటను విడిచిపెట్టినవారిని మేము ఎరుగుదుము. అందులో వారి తెలివికి లోపమేమియు లేదు. ఆటయంతయు ఆంగ్లమున నుండును. ప్రోగ్రేడ్, అపోఆప్సిస్ వంటి మాటలు తెరనిండ కనిపించును. తెలుగు మాధ్యమమున చదివిన పిల్లవాడు ఆ ముళ్ళకంచెను దాటులోపలనే అలసిపోవును. ఆ కంచెలో ఒక సందు చూపుటకే ఈ ప్రసంగము.

ఇది శత్రువులను కాల్చు ఆట కాదు. నౌకను భాగములుగా కూర్చి, ఎగురవేసి, గ్రహము చుట్టు త్రిప్పి, చంద్రునిపై దింపి, క్షేమముగా తిరిగి తెచ్చుటయే ఇందలి పని. అదియంతయు న్యూటను చెప్పిన సూత్రముల ననుసరించియే జరుగును. ఇట్టి ఆటలలో మిక్కిలి పేరుగాంచినది 'కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్'. దీనిని రూపొందించిన ఫెలిపే ఫలాంగే బ్రెజిలు దేశస్థుడు. చిన్ననాడు మిత్రులతో కలిసి రేకుతో బొమ్మలు చేసి, బాణసంచా జువ్వలలో నుంచి ఎగురవేసెడివాడట. ఆ బొమ్మలకు పెట్టుకొన్న పేరే కెర్బల్. దీపావళి నాడు మన వీధులలో జరుగు ప్రయోగములను చూచినవారికి ఈ కథలో వింత యేమియు తోచదు. మెక్సికో నగరమునందలి స్క్వాడ్ అను సంస్థ ఈ ఆట తొలిరూపమును 2011 జూన్‌లోను, సంపూర్ణరూపమును 2015 ఏప్రిల్‌లోను విడుదల చేసెను. 2023లో రెండవ భాగము అసంపూర్ణముగానే అంగడికి వచ్చినది. 2024లో దాని నిర్మాణశాల మూతపడి, పని అట్లే నిలిచిపోయినది. కావున డబ్బు పెట్టి కొనదలచినవారు మొదటి భాగమునే కొనుట మేలు.

డబ్బు పెట్టలేనివారికిని దారి కలదు. లండనులోని యూనివర్సిటీ కాలేజీకి చెందిన మార్టిన్ ష్వైగర్ 2000వ సంవత్సరమున వెలువరించిన 'ఆర్బిటర్' ఉచితము. అందులో భూమియు అసలు భూమియే, దూరములును అసలు దూరములే. అందుచేత కష్టమును ఎక్కువే. చేతిలో ఫోను మాత్రమే ఉన్నవారికి 'స్పేస్‌ఫ్లైట్ సిమ్యులేటర్' అను చిన్న ఆట యున్నది. మూలభాగమునకు వెల లేదు. బొమ్మ బల్లపరుపుగా నుండును గాని, మొదటి పాఠములకు అది చాలును.

ఇక ప్రశ్నకు వత్తము. రాకెట్టు ఎందుకు పడినది? ఎత్తు చాలక కాదు, అడ్డముగా పోవు వేగము చాలక పడినది. జొన్నచేనిలో మంచెపై నిలిచి వడిసెలతో రాయి విసరుటను తలచుకొనుడు. మెల్లగా విసరిన చేనిలోనే పడును. గట్టిగా విసరిన గట్టు దాటి పడును. ఇంకను గట్టిగా, ఇంకను గట్టిగా విసరుచు పోయినచో, రాయి క్రిందికి వంగునంత వంపు నేలకును కలదు గనుక, రాయి పడుచునే యుండును, నేల దాని క్రిందినుండి తొలగుచునే యుండును. దానినే కక్ష్య యందుము. గాలి యొరపిడి లేని ఎత్తున ఇందుకు కావలసిన వేగము సెకనుకు దాదాపు 8 కిలోమీటర్లు. నిజామాబాదు నుండి బోధనుకు సుమారు 25 కిలోమీటర్లు. బస్సు ముప్పావుగంట తీసికొను ఆ దారిని అట్టి నౌక మూడు సెకనులలో దాటిపోవును. అంతరిక్షమున గురుత్వాకర్షణ లేదని పలువురు తలచెదరు. అది సరికాదు. 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము వద్ద కూడ నేలమీది ఆకర్షణలో దాదాపు తొంబది పాళ్ళు ఉన్నది. అక్కడివారు తేలుచున్నట్లు కనిపించుట వారును, వారి ఇల్లును కలిసి పడుచుండుటచేతనే.

కెర్బల్ ఆటలోని గ్రహము మన భూమికంటె చాల చిన్నది; వ్యాసార్ధము 600 కిలోమీటర్లు మాత్రమే. అందుచేత అక్కడ సెకనుకు 2,300 మీటర్ల వేగము చాలును. గాలి 70 కిలోమీటర్ల ఎత్తున ముగియును. క్రొత్తవారు చేయవలసిన దేమనగా: రాకెట్టు నేల విడిచి సెకనుకు 100 మీటర్ల వేగము అందుకొనుసరికే తూర్పునకు కొద్దిగా వంచవలెను. పది కిలోమీటర్ల ఎత్తునకు వచ్చుసరికి సగము వాలియుండవలెను. ఆపై క్రమముగా పడుకొనబెట్టుచు పోవలెను. తూర్పే ఎందుకన్నచో, గ్రహము తాను తిరుగు వేగమును ఆ వైపున ఉచితముగా ఇచ్చును. శ్రీహరికోట దేశపు తూర్పుతీరమున నుండుటకు గల కారణములలో ఇది యొకటి. తెరపై అపోఆప్సిస్ అని కనిపించునది మార్గములో మిక్కిలి ఎత్తైన చోటు. పెరిఆప్సిస్ అనునది మిక్కిలి దిగువ చోటు. ఎత్తైన చోటు 80 కిలోమీటర్లకు చేరగానే యంత్రము ఆపి వేచియుండుడు. అక్కడికి చేరిన పిమ్మట, పోవుచున్న దిక్కుకే, అనగా ప్రోగ్రేడ్ గుర్తు వైపునకే, మరల మండించుడు. అప్పుడు ఆ చోటు కదలదు. గ్రహమునకు ఆవలి ప్రక్కనున్న దిగువ చోటు పైకి లేచును. ఒకచోట త్రోసిన ఫలము ఎదుటి ప్రక్కన కనిపించుట ఈ విద్యలో మొదటి మర్మము. ఇది చేతికి పట్టుబడినవానికి తక్కిన ఆటలో సగము వచ్చినట్లే.

క్రొత్తవారు చేయు మరియొక పని రాకెట్టును నానాటికి పెద్దది చేయుట. పడినదా, ఇంకొక ఇంధనపు తొట్టి తగిలింతురు. అయినను పడును. బోధను నుండి హైదరాబాదునకు ఎడ్లబండి కట్టిన రైతును ఊహింపుడు. దారిలో ఎక్కడను మేత దొరకదనుకొనుడు. అన్నిదినముల గడ్డియు బండిమీదనే పోవలెను. ఆ గడ్డిని లాగుటకు ఎడ్లు మరికొంత తినును. దానికై మరికొంత గడ్డి యెక్కింపవలెను. దానిని లాగుటకు మరికొంత. రాకెట్టు కష్టమంతయు ఇదియే. కావున కుదింపవలసినది పైభాగమును. కొసన ఒక కిలో తగ్గించిన అడుగున అనేక కిలోల ఇంధనము మిగులును. ఖాళీయైన తొట్టిని మోయక విడిచివేయుటయు ఇందుకే. మొదటి రాకెట్టునకు మనిషి కూర్చుండు గది, పారాచూటు, ఒక తొట్టి, ఒక యంత్రము చాలును. నేల విడుచునప్పుడు త్రోపు బరువునకు ఒకటిన్నర రెట్లుండిన మంచిది.

స్పేస్ బారును నొక్కినకొలది ఏ భాగము ఎప్పుడు పనిచేయవలెనో తెలుపు వరుస యొకటి తెర ఎడమప్రక్కన నుండును. అది క్రిందినుండి పైకి నడచును. ఈ వరుసను చూడకపోవుటచే కలుగు అనర్థములు అన్నియు ఇన్నియు కావు. బోధనులో డిప్లొమా చదువుచున్న యువకుడొకడు ఎన్నిమారులు నొక్కినను, యంత్రము మండుటయు పారాచూటు విచ్చుకొనుటయు ఒక్కసారిగ జరుగుచుండెను. కంప్యూటరు చెడినదని అతని నమ్మకము. అతని తాతగారు శక్కర్‌నగరులోని నిజాము చక్కెర కర్మాగారమున పాకము వండు పాన్‌ల వద్ద పనిచేసినవారు. 1937లో వెలసిన ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. ఆయన మనుమని వెనుక కూర్చుండి కొంతసేపు చూచి, "ఏ వాల్వు ముంగట ఇప్పాలె, ఏది ఎన్కశిరి ఇప్పాలె, గది సూస్కోలే బిడ్డా నువ్వు" అనిరట. ఆయనకు ఆంగ్లము రాదు, కంప్యూటరు రాదు. వరుస తప్పిన ఏమగునో మాత్రము బాగుగ తెలియును. రెండు గుర్తులును ఒకే గడిలో నుండుట మనుమని కంటికి అప్పుడు కనిపించినది.

కక్ష్య చిక్కినవారికి ఎదురగు గట్టి పరీక్ష రెండు నౌకలను కలుపుట. బోధను దారిలో ముందుపోవు బస్సును అందుకొనవలెనన్న వేగము పెంచుదుము. కక్ష్యలో ముందున్న నౌకను అందుకొనుటకు వేగము పెంచినచో అది మరింత దూరమగును! ఏలనన, ముందుకు త్రోయగానే మన మార్గము పెద్దదై ఎత్తునకు పోవును. ఎత్తైన మార్గమున చుట్టు పొడవు, నడక నెమ్మది. కాబట్టి వెనుకబడినవాడు వెనుకకు త్రోసి, అనగా రెట్రోగ్రేడ్ గుర్తు వైపునకు మండించి, దిగువ మార్గమునకు దిగవలెను. అక్కడ చుట్టు చిన్నది, నడక వడి. ఒకటి రెండు చుట్లలో క్రిందినుండి అందుకొనును. ముందున్నవాడు వేచియుండవలెనన్న పైకి పోవలెను. ఆగవలెనన్న త్రోయుట, పోవలెనన్న ఆపుట అని నిజామాబాదు కళాశాల విద్యార్థిని యొకతె మాతో నవ్వుచు చెప్పినది. ఆమెకు ఈ సంగతి అర్థమగుటకు మూడు వారములు పట్టినదట.

మూడు వారములు ఎక్కువ కాదు. 1965 జూన్‌లో జెమిని-4 నౌకను నడిపిన జేమ్స్ మెక్‌డివిట్ తమను మోసికొని వచ్చిన రాకెట్టు పై అంతస్తును సమీపింప యత్నించెను. అది కన్నుల యెదుటనే ఉన్నది. దానివైపు త్రోసినకొలది అది క్రిందికిని ముందుకును జరిగిపోయినది. ఇంధనము సగమునకు చేరువగా ఖర్చగుటచే ప్రయత్నము మానుకొనిరి. ఆయన అనుభవశాలియైన విమాన చోదకుడు. ఆకాశమున మరియొక విమానమును చేరుటకు అలవడిన కన్నే అక్కడ ఆయనను మోసగించినది. దీని గణితము తెలియనిది కాదు. బజ్ ఆల్డ్రిన్ 1963లోనే ఈ విషయముపై పరిశోధన గ్రంథము సమర్పించియుండెను. 1965 డిసెంబరు 15న జెమిని-6 దిగువ మార్గమునుండి వచ్చి జెమిని-7ను ఒక అడుగు దూరమునకు చేరినది.

దగ్గరకు చేరిన పిమ్మట నియమము మారును. కొన్ని వందల మీటర్ల లోపల సాధారణపు చూపే పనికివచ్చును. వేగము చూపు గడిని 'టార్గెట్' అను దానికి మార్చి, ఎదుటి నౌకతో పోల్చిన వేగమును ముందు సున్న చేసికొని, పిమ్మట మెల్లగా జరుగవలెను. ఎంత మెల్లగా అన్నచో, మన స్పేడెక్స్ ప్రయోగమును చూడుడు. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుండి పోయిన రెండు నౌకలు, ఒక్కొక్కటి సుమారు 220 కిలోలు, తలచిన దినమున కలియలేదు. జరుగుబాటు అనుకొన్నదానికంటె ఎక్కువగ నుండుటచే వాయిదా వేసిరి. జనవరి 12న మూడు మీటర్ల వరకు తెచ్చి, మరల దూరము జరిపిరి. 2025 జనవరి 16న కలిపిరి. మూడు మీటర్ల నుండి వెనుకకు తీసిన ఆ ఓర్పును క్రొత్త ఆటగాండ్రు నేర్చికొనవలెను. ఇందుకు అభ్యాసము కావలెనన్న, స్పేస్‌ఎక్స్ సంస్థ 2020లో ఉచితముగా ఉంచిన డాకింగ్ ఆట ఇంటర్నెట్టు గల ఏ యంత్రముపైనను నడచును. తెరపై అంకెలన్నియు 0.2కు లోబడిననే అది తలుపు కలుపును. తొందరపడినవానిని నిర్దాక్షిణ్యముగా త్రోసిపుచ్చును.

చంద్రునిపై దిగుటను గురించి ఒక్క మాట. అక్కడ గాలి లేదు, పారాచూటు గుడ్డపీలికయే. ఇది తెలిసియు ఆటలోని చంద్రునిపై పారాచూటు నమ్ముకొని కూలినవారు మా ఎరుకలో ముగ్గురున్నారు. చంద్రయాన్-3 దిగుబాటు దృశ్యమును 2023 ఆగస్టు 23 సాయంకాలము చూచినవారికి జ్ఞాపకముండును: దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తున సెకనుకు ఒకటిన్నర కిలోమీటర్లకు మించి అడ్డముగా పోవుచున్న నౌక మొదట చేసినది ఆ అడ్డువేగమును చంపుట. ఆటలోను అదియే. ముందు అడ్డువేగము, తరువాత ఎత్తు.

తల్లిదండ్రులకు ఇది చదువా, కాలహరణమా అను సందేహము సహజము. మా అభిప్రాయము సూటిగా చెప్పెదము. ఆట ఆడినంత మాత్రమున భౌతికశాస్త్రమున మార్కులు రావు. సూత్రము వ్రాయుట వేరు. కాని కక్ష్యను గురించి పుస్తకమున చదివిన వాక్యము చేతికి తెలియుట వేరొక లాభము. అది పరీక్షలో కనిపించదు. రాకెట్టు పడినప్పుడు ఎందుకు పడినదని పిల్లవానిని అడుగుడు. కారణము చెప్పి, మార్చినదేదో చూపగలిగెనా, ఆడనీయవచ్చును. ఊరక మరియొకటి ఎగురవేయుచుండెనా, ఆ పూటకు ఆపింపుడు. ఆటలో కాలమును వేగముగా నడిపించు మీట కలదు. నౌక చంద్రుని చేరుటకు పట్టు దినములు నిమిషములలో గడచును. ఆ మీట ఆటలోని గడియారమునకే గాని, గోడమీది గడియారమునకు చెందదు. పదిగంటలకు ఆపవలెనన్నచో తొమ్మిదిన్నర తరువాత చంద్రయాత్ర మొదలుపెట్టనీయకుడు.

చివరగా, కరెంటు పోవుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. యంత్రము మండించుటకు ముందును, నౌకలు కలుపుటకు ముందును, దిగుటకు ముందును కెర్బల్ ఆటలో ఎఫ్ 5 మీటను ఒకమారు నొక్కినచో ఆ స్థితి భద్రమగును. మరల అక్కడికే రావలెనన్న ఎఫ్ 9ను కొంతసేపు అదిమిపట్టవలెను. అయితే నౌక కూలుటకు సిద్ధముగా నున్నప్పుడు ఎఫ్ 5ను నొక్కరాదు. అట్లు నొక్కినవాడు ఎన్నిమారులు తిరిగి వచ్చినను ఆ కూలుచున్న నౌకలోనికే వచ్చును.