విశాఖ సాగరతీరము

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతముల బాలబాలికలకు పెన్నానది ఇసుక చిరపరిచితము. కాని కడప జిల్లాకు సముద్రము లేదు. ఆవలి ఒడ్డు కానరాని నీటిని చూడగోరిన పులివెందుల బాలుడు దూరప్రయాణము చేయవలసినదే. అట్లు పోయి చూడదగిన తీరములలో విశాఖపట్నమునందలి రామకృష్ణ తీరము మిక్కిలి ప్రసిద్ధమైనది.

తీరమున కెదురుగా రామకృష్ణ మిషన్ ఆశ్రమము కలదు. దానినిబట్టియే ఈ పేరు వచ్చినది. దక్షిణమున డాల్ఫిన్ ముక్కును పోలిన కొండ సముద్రములోనికి చొచ్చుకొని యుండును. ఉత్తరమున కైలాసగిరి కనుపించును. ప్రాతఃకాలమున నీటిలోనుండి ఎఱ్ఱని సూర్యబింబము పైకి వచ్చు దృశ్యము మనోహరము. సాయంకాలమున జనులు గుంపులుగా వచ్చి, కాల్చిన మొక్కజొన్నపొత్తులు తినుచు చల్లగాలికి కూర్చుందురు. అయితే ఇచ్చటి కెరటములు మనిషిని లోనికి ఈడ్చుకొనిపోగలవు, స్నానము ప్రమాదకరము.

తీరమున ‘కురుసుర’ యను జలాంతర్గామి నిలిపియున్నది. అది 1969లో భారత నౌకాదళమున చేరి, 2001 వరకు సేవచేసినది. 2002 నుండి ప్రదర్శనశాలగా నున్నది. దాని పొడవు సుమారు 91 మీటర్లు. లోపలి ఇరుకు దారులలో నడచినవారికి, నీటి అడుగున నావికులు పడు శ్రమ తెలియగలదు. 1971 యుద్ధవిజయమునకు గుర్తుగా కట్టిన స్మారకచిహ్నము కూడ సమీపముననే కలదు.

ఇంతటి తీరమును సముద్రము కోసివేయుచున్నది. కారణమేమి? నైరుతి ఋతుపవన కాలమున కెరటములు ఒడ్డును ఏటవాలుగా తాకును. అందుచే ఇసుక ఒడ్డు వెంబడి దక్షిణమునుండి ఉత్తరమునకు జరుగుచుండును. ఒకచోటి ఇసుక పోయినను, వెనుకనుండి వచ్చు ఇసుక ఆ లోటును తీర్చును. 1933లో విశాఖ నౌకాశ్రయము ప్రారంభమైనది. 1976లో వెలుపలి రేవు వెలసినది. ఓడల రక్షణకై సముద్రములోనికి కట్టిన అడ్డుకట్టలు ఇసుక దారిని ఆపినవి. రామకృష్ణ తీరము రేవునకు ఉత్తరముననున్నది. కావున పోయిన ఇసుకకు బదులు వచ్చుట తగ్గినది. చెన్నైలోని మెరీనా తీరము రేవునకు దక్షిణముననున్నది. కావున అచ్చట ఇసుక పేరుకొని తీరము విశాలమైనది. రేవునకు ఉత్తరమున రాయపురము వైపు భూమి కోతకు గురియైనది. కారణ మొక్కటే, ఫలములు రెండు. విశాఖలో ఈ లోటు తీర్చుటకై, రేవు వద్ద చేరిన ఇసుకను త్రవ్వితీసి తీరమున పోయించుచు వచ్చిరి.

మొదట ఈ ఇసుక ఎచ్చటిది? చాలవరకు కొండల రాతిని అరగదీసి నదులు మోసుకొనివచ్చినదే. పెన్నయు గండికోట లోయను దాటి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల ప్రక్కగా పారి, నెల్లూరు జిల్లాలో సముద్రమున కలియుచు, అచ్చటి తీరమునకు ఇసుకను ఇచ్చుచు వచ్చినది. జలాశయము నీటితోపాటు ఇసుకను కూడ నిలుపును. ఏటిలో మితిమీరి త్రవ్విన ఇసుక సముద్రమును చేరదు. ఏటిని కాపాడినవాడు, తాను చూడని సాగరతీరమును కూడ కాపాడినవాడగును.