మోటారు కారు వెనుక ఇరుసును కురుచ చేయుట

ఎద్దుబండికి రెండు చక్రములను కలుపు ఇరుసు ఒకటే. ఒక చక్రము రాయి ఎక్కినచో రెండవదియు దానితోపాటు ఒరుగును. అనేక మోటారు కార్ల వెనుక ఇరుసుకు కూడ ఈ లోపము కలదు. దీనిని తొలగించుటకై, దేనికది విడిగా లేచి దిగునట్లు చక్రములను అమర్చు పద్ధతినే స్వతంత్ర సస్పెన్షను అందురు.

ఇంగ్లండులోని జాగ్వార్ సంస్థ 1961లో ఈ-టైపు కారునకు అమర్చిన వెనుక సస్పెన్షను ఇందుకు పేరుపొందిన ఉదాహరణము. నడుమ డిఫరెన్షియల్ పెట్టె, దానికి ఇరువైపుల బ్రేకు పళ్లెములు ఉండును. అచ్చటినుండి ఒక్కొక్క షాఫ్టు ఒక్కొక్క చక్రమును త్రిప్పును. షాఫ్టు క్రింద ఉక్కు గొట్టపు చేయి, ప్రక్కకు రెండేసి స్ప్రింగులు ఉండును. ఇవి చాలవరకు ఒకే ఉక్కు చట్రములో ఇమిడియుండుటచే, ఊడదీసి వేరొక కారునకు అమర్చుట సులభము. అమెరికాలో పాత కార్లను తమ అభిరుచి మేరకు తిరిగి నిర్మించుకొనువారు దీనిని మక్కువతో వాడుటకు ఇది ఒక కారణము.

అయితే కొలతలు అన్నిటను ఒకటి కావు. ఈ-టైపులో వెనుక చక్రముల నడుమ దూరము 1.27 మీటర్లు, 1968లో వెలువడిన ఎక్స్‌జె-6లో సుమారు 1.49 మీటర్లు. వెడల్పైన ఈ రెండవ దానిని సన్నని పాత కారు క్రింద బిగించినచో చక్రములు బయటికి పొడుచుకొని వచ్చును. అప్పుడు షాఫ్టును, చేతిని సమానముగా కురుచ చేయవలసివచ్చును. చొక్కా చేతులను కత్తిరించినంత తేలికగా తోచు ఈ పనిలో చిక్కు ఎచ్చట ఉన్నది?

ఈ అమరికలో షాఫ్టు చక్రమును త్రిప్పుటయే గాక, దాని పైభాగమును పట్టియుంచు కడ్డీగా కూడ పనిచేయును. లెక్క కొరకు షాఫ్టు 30 సెం.మీ., చేయి 40 సెం.మీ. ఉన్నవనియు, రెండును నేలకు సమాంతరముగా ఉన్నవనియు అనుకొందము. చక్రము 5 సెం.మీ. లేచినపుడు షాఫ్టు కొన 4.2 మి.మీ., చేయి కొన 3.1 మి.మీ. లోపలికి జరుగును. పైకొన 1.1 మి.మీ. ఎక్కువ జరిగినందున చక్రము తల లోపలికి కొద్దిగా వాలును. ఇప్పుడు రెండింటిని 10 సెం.మీ. చొప్పున కోయుదము. ఆ జరుగుబాట్లు 6.4, 4.2 మి.మీ. అగును. భేదము 2.2 మి.మీ.; అనగా వాలు రెట్టింపైనది! షాఫ్టు ఏటవాలు కూడ సుమారు 9½ డిగ్రీల నుండి 14½ డిగ్రీలకు పెరుగును. టైరు లోపలి అంచు త్వరగా అరుగును. యూనివర్సల్ జాయింట్లకు శ్రమ హెచ్చును.

స్ప్రింగు సంగతియు ఇట్టిదే. అది చేతికి లోపలి కీలునుండి 32 సెం.మీ. దూరమున తగిలియున్నదనుకొందము. కీలుకు, స్ప్రింగుకు నడుమ 10 సెం.మీ. కోసినచో 40లో 32గా ఉన్న నిష్పత్తి 30లో 22 అగును. చక్రమునకు అందు బిగువు ఈ నిష్పత్తి వర్గముననుసరించి మారును గనుక, అదే స్ప్రింగు సుమారు ఆరవవంతు మెత్తబడినట్లు పనిచేయును.

కావున ఎంత తక్కువ కోసిన అంత మేలు. చక్రపు రిమ్మునే మరింత లోపలికి కూర్చుండునట్లు ఎన్నుకొనినచో కోయవలసిన కొలత తగ్గును. షాఫ్టును కోసి అతికించునపుడు దాని రెండు కొనల ఫోర్కులు ఒకే తలములో ఉండవలెను. లేనిచో చక్రపు వేగము ప్రతి చుట్టులోను హెచ్చుతగ్గులగును. అన్నిటికంటె ముఖ్యము వెల్డింగు. ఆ అతుకు ఇంజను త్రిప్పుబలమును, మలుపులలోని ప్రక్కత్రోపును రెండింటిని భరించవలెను. అది విరిగినచో చక్రమునకు పైన ఆధారమే ఉండదు. అందుచే అతికిన షాఫ్టు కంటె, కావలసిన పొడవున తగిన ఉక్కుతో కొత్తగా చేయించిన షాఫ్టు క్షేమము. రంపము పట్టుటకు ముందే ఈ లెక్కలన్నియు కాగితముపై తేల్చుకొనవలెను. కోసిన ఉక్కు తిరిగి పెరగదు.